శనివారం కలుపు

జనవరి 11, శనివారం

ఎవరో విద్యార్థి వదిలేసిపోయిన వృక్షశాస్త్రం రికార్డు పుస్తకం ఇది. ముందు పదకొండు పేజీల్లో ఉల్లి వేరు అడ్డుకోత, మందార పువ్వు నిలువుకోత ఉన్నాయి. రెండింటి కిందా ఎర్ర సిరాతో నా సంతకం. మిగతాదంతా ఖాళీ. రిటైరై మూడేళ్లయినా కాగితం పారెయ్యడానికి చేతులు రావు కాబట్టి ఇందులో రాసుకుంటున్నాను. గీతలున్న పక్కనే రాస్తాను. తెల్ల పక్క బొమ్మలకి.

రాసేంత విషయం ఏమిటంటే, ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంటాయన పున్నారావు గారు నిన్న సాయంత్రం వచ్చి, కాఫీ తాగి, ఇది పడగొట్టి అయిదంతస్తులు లేపుతున్నామని చెప్పారు. మార్చి నెలాఖరు దాకా గడువు. ఇరవై రెండేళ్లు అద్దెకున్నాం, ఒక్క మాట అనుకోలేదు. పాపం ఆయనా ఇబ్బంది పడుతూనే చెప్పారు. మా అమ్మాయి వినీల గుడ్లవల్లేరు కాలేజీలో పాఠాలు చెబుతూ గుడివాడలో ఉంటోంది. ఆ అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో ఒకటి ఖాళీ ఉందిట. లిఫ్టు ఉంది. బందరు ఉప్పునీళ్ల బాధ ఉండదు. నాకేమీ బెంగగా లేదు.

పొద్దున ఎప్పటిలాగే పూలచెట్టు పాదులో కలుపు తీశాను. పంతొమ్మిది. జానెడు ఎత్తు రాగానే వేరుతో సహా లాగేస్తాను, సగం పని నాకు నచ్చదు. ఆకు నలిగితే పరమ కంపు. ఇదేం కలుపో గానీ, ఈ చెట్టు పాదులో తప్ప దొడ్లో ఇంకెక్కడా మొలవదు. అన్నీ పొందిగ్గా వేర్లు ఒకవైపుకి పెట్టి, అరటి నారతో కట్ట కట్టి, ప్రహరీ గోడ మీద పెట్టాను.

సాయంత్రం మా ఆవిడ కృప చెట్టు నుంచి నాలుగు గుత్తులు కోసి, రేపటి చర్చి ఆరాధనకని గుడికి పట్టుకెళ్లింది.

జనవరి 12, ఆదివారం

గోడ మీద కట్ట లేదు. మున్సిపాలిటీ వాళ్లని మెచ్చుకోవాలి, ఆదివారం కూడా చెత్త తీస్తున్నారు.

జనవరి 18, శనివారం

కలుపు పధ్నాలుగు.

పక్కింటి సౌభాగ్యమ్మ గారు గోడ మీంచి గిన్నె అందించారు. బొమ్మిడాయల పులుసు. వారం వారం ఏదో ఒకటి పంపుతూనే ఉంటుంది ఆవిడ. ఎప్పుడో వాళ్లబ్బాయి హేమంత్‌కి చదువు చెప్పాను కదా, ఆ కృతజ్ఞత. ఈ రోజుల్లో అలాంటి మనుషులు అరుదు. "మీ చేతి చలవండీ సారూ, మా ఊళ్లో అందరూ మిమ్మల్ని తలుచుకుంటారు" అంది. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక అవతల. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, ఏ ఊళ్లోనైనా నా శిష్యుడొకడు ఉండే ఉంటాడు. వినయంగా తల ఊపాను.

అన్నాలయ్యాక కృప, "నేను రాను" అంది.

"ఎక్కడికి?"

"గుడివాడకి. చెట్టు వస్తే వస్తాను. రాకపోతే రాను."

నవ్వి ఊరుకుందామనుకున్నాను.

"మన గుళ్లో నేనెవర్నండీ?" అంది. "పాట పాడలేను, ప్రార్థన చెయ్యమంటే వణుకు. ఇరవై రెండేళ్లుగా బల్ల మీద పూలు పెడుతున్నాను. పూల కృపమ్మ గారంటారు. అక్కడ ఎవరంటారు నన్ను? మూడో అంతస్తు ముసలావిడ అంటారు."

కళ్లలో నీళ్లు చూశాక నవ్వు ఎటు పోయిందో. "వృక్షశాస్త్రం లెక్చరర్ భార్యవి, మొక్క కోసం ఏడుస్తావా? ఒకటి కాదు, పాతిక చేసిస్తాను. నాకొదిలెయ్" అన్నాను. బయట ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పాను. నేను మొక్క అంటు కట్టుకోవడానికి తంటాలు పడుతున్నానని బందరంతా తెలియడం దేనికి?

మొత్తం చెట్టునే పెకలిద్దామంటే, మొదలు గోడ పునాదికీ సెప్టిక్ ట్యాంకు పలకకీ మధ్య ఇరుక్కుని ఉంది. గునపం వేస్తే చీలిపోతుంది. వేళ్ల జోలికి ఎవ్వరూ వెళ్లడానికి వీల్లేదని చెప్పాను.

జనవరి 19, ఆదివారం

ముందు గుర్తింపు. శాస్త్రం ప్రకారం వెళ్దాం.

ఎత్తు ఆరడుగులు. ఆకులు ఎదురెదురుగా, గుండె ఆకారం, అంచున రంపపు పళ్లు. కొమ్మ చివర అరచేతి నిండా పట్టే గుత్తి. గుత్తిలో ప్రతి పువ్వూ చిట్టి గులాబీలాగా ముద్దగా ఉంటుంది. తెలుపులో లేత గులాబి. కింద రక్షక పత్రాలు వంకాయ రంగు. పొద్దువాలితే వాసన వీధి మలుపు దాకా. ఆకు వాసన తెలియదు, కృప ఆకు తుంచనివ్వదు.

పేరు? ఈ ఇంట్లో చేరిన రోజున కృప అడిగింది. రేపు చూసి చెబుతానన్నాను. ఇంటర్మీడియట్ సిలబస్‌లో ఉన్నవి మూడే కుటుంబాలు. ఈ చెట్టు ఆ మూడింట్లోనూ ఇమడదు. అది దాని తప్పు.

పువ్వు ఉంటే గింజ ఉండాలి. రెండు గుత్తులకి పాత దోమతెర ముక్కలు కట్టాను. గింజలు రాలిపోకుండా.

జనవరి 25, శనివారం

కలుపు పదహారు. మెత్తళ్ల వేపుడు వచ్చింది. గింజలు ఇంకా పట్టలేదు.

ఫిబ్రవరి 1, శనివారం

కలుపు పదకొండు.

గింజలు లేవు. పువ్వులు గోధుమరంగుకి తిరిగి తెరలోనే రాలాయి. అనుమానం వచ్చి ఒక పువ్వుని బ్లేడుతో కోసి భూతద్దంలో చూశాను. కేసరాలు లేవు. కేసరాలుండాల్సిన చోటా రేకులే. పుప్పొడి లేదు. ఇక గింజెక్కడిది? ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది. మొదటి ఏడాది పిల్లలతో నేను మొదటివారమే చేయించేవాణ్ణి.

వినీల ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్ వేసి ఇచ్చింది. మొదటి ఫోటోకి ఒక పేరు చెప్పింది, రెండో ఫోటోకి ఇంకో పేరు. మూడో ఫోటోలో నా బొటనవేలు అడ్డుపడింది. దానికీ ఒక లాటిన్ పేరు చెప్పింది.

ఫిబ్రవరి 8, శనివారం

కలుపు పద్దెనిమిది. ఈ వారం మరీ బలిసింది.

మధ్యాహ్నం ఇరవై నాలుగు కొమ్మలు కత్తిరించాను. ఒక్కొక్కటీ జానెడు, మూడేసి కణుపులు. కింది ఆకులు తీసేసి, వేర్లు పోసే పొడి అద్ది, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన కవర్లలో గుచ్చి డాబా మీద తాటాకుల నీడన పెట్టాను. పొద్దున పీకిన కలుపు కంపు చేతులకి ఎంతలా పట్టిందంటే, ఈ కొమ్మల ఆకులు కూడా అదే కంపు కొట్టాయి. సబ్బుతో రెండుసార్లు కడిగాను.

ఫిబ్రవరి 9

ఒకటి పైకి తీసి చూశాను. వేరు రాలేదు.

ఫిబ్రవరి 10

మూడు తీసి చూశాను. రాలేదు.

ఫిబ్రవరి 13

అన్నీ తీసి చూశాను. పరిశీలన లేనిదే శాస్త్రం లేదు. "రోజూ పీకి చూస్తే ఏ మొక్క బతుకుతుందండీ?" అని కృప గొడవ. ఆవిడ చదివింది చరిత్ర.

ఫిబ్రవరి 22, శనివారం

కలుపు పదమూడు. కొమ్మలు పదిహేడు నల్లబడ్డాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమో. చింతచిగురు, ఎండురొయ్యలు వచ్చాయి. తిన్నాను గానీ రుచి తెలియలేదు.

ఒక సంగతి గుర్తొచ్చింది. హేమంత్ చదివింది సీఈసీ. నా క్లాసులో లేడు. మరి ఆవిడ ఈ కూరలన్నీ ఎందుకు పంపుతున్నట్టు?

మర్యాదస్తురాలు. అంతే.

మార్చి 1, శనివారం

ఇరవై నాలుగూ పోయాయి. చెట్టుకే రెండు కొమ్మలకి గాలి అంట్లు కట్టాను, వాటినీ విప్పి చూశాను. అవీ ఎండాయి.

కలుపు ఇరవై రెండు. ఇదొక్కటే బతుకుతుంది.

మార్చి 8, శనివారం

కృప పాత చీరల్లో గిన్నెలు చుట్టి మూట కడుతోంది. చెట్టు ఊసు ఎత్తడం మానేసింది. తిట్టినా బాగుండేది. సాయంత్రం పూలు కోస్తూ, "ఇంకా మూడు శనివారాలు" అని చెట్టుతో అంది. నాతో కాదు.

ముప్పై నాలుగేళ్లు బల్ల గుద్ది మరీ చెప్పాను వృక్షశాస్త్రం. భార్యకి ఒక్క మొక్క చేసివ్వలేకపోయాను. సిగ్గుగా ఉంది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

గోడ మీంచి సౌభాగ్యమ్మ గారు పిలిచింది. "వచ్చే ఆదివారం మా ఊళ్లో కోతపండుగండీ. మినుము తీత అయిపోయింది. మీరు వెళ్లిపోయేలోగా ఒక్కసారి మా ఊరు చూడాలి. రానంటే ఊరుకోను" అంది. కృప ముఖం చూసి సరేనన్నాను. మూడు గంటలు బస్సులో కూర్చుంటే ఈ మూటలన్నా కంటికి కనబడవు.

మార్చి 17, సోమవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ పొద్దుటి నుంచీ రెండుసార్లు మొదలుపెట్టి నవ్వొచ్చి ఆపేశాను. వరసలో రాస్తాను.

నాగాయలంకలో బస్సు దిగి ఆటో ఎక్కాం. ఊరి మొదట్లో ఆటో ఆగింది. అక్కడి నుంచి గుడి దాకా మట్టి బాట. కృప ముందు దిగింది. దిగి, కదలకుండా నిలబడిపోయింది. డబ్బులిచ్చి నేను తలెత్తి చూశాను.

బాటకి రెండు పక్కలా మా చెట్టు. ఒకటి కాదు, పది కాదు. నడుమెత్తు కంచె కట్టినట్టు గుడి మెట్ల దాకా, తెల్లగా, గులాబిగా, గుత్తులు గుత్తులుగా మా చెట్టే. ఇళ్ల ముందు, బోరింగు పక్కన, సమాధుల తోటలో, గొడ్ల చావిడి వెనక, ఎటు చూసినా అదే. కృప అందరిముందూ నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయ్యాక వీధిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

నా కళ్లు మాత్రం కింద ఉన్నాయి. అలవాటు. కంచె మొదట్లో జానెడేసి మొక్కలు గుంపుగా మొలిచి ఉన్నాయి. నా కలుపు. నా శనివారం కలుపు. వంగి ఒక ఆకు నలిపి వాసన చూశాను. అదే కంపు. లేచి పెద్దచెట్టు ఆకు నలిపాను. అదే కంపు. మళ్లీ కింది దాన్ని లాగాను. దాని వేరు పోయి పోయి పెద్దచెట్టు వేరులో కలిసింది.

పిలకలు! గింజ లేని చెట్టు వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. రెండేళ్ల పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది. ఇరవై రెండేళ్లు ప్రతి శనివారం, ఒక్కోసారి ఇరవయ్యేసి, పొందిగ్గా పీకి కట్ట కట్టి గోడ మీద పెట్టింది ఆ చెట్టు పిల్లల్నే. డాబా మీద ఎండిన కొమ్మల చుట్టూ నేను తిరుగుతుంటే, కింద పాదులో అవి లేస్తూనే ఉన్నాయి. లేచినవాటిని లేచినట్టు పీకుతూనే ఉన్నాను.

సౌభాగ్యమ్మ గారు ఎదురొచ్చింది. కొత్త చీర, ముఖమంతా వెలుగు. "చూశారా సారూ! అన్నీ మీరిచ్చినవే. మా ఇంట్లో దొడ్డంతా సిమెంటు కదండీ, అందుకని కట్ట తడిగుడ్డలో చుట్టి ఇక్కడికి పంపేదాన్ని. ఏళ్ల తరబడి, అడక్కుండానే, వారం తప్పకుండా గోడ మీద పెట్టారు. ఏనాడూ ఇదిగో ఇచ్చానని అనలేదు. నేనేం చెయ్యగలను, ఓ గిన్నెడు కూర పంపడం తప్ప!"

బొమ్మిడాయలు. మెత్తళ్లు. చింతచిగురు. ఇరవై రెండేళ్ల కూరలు.

నోరు తెరిచాను. ఈలోపు పాస్టరు సత్యానందం గారు వచ్చి చేతులు పట్టుకున్నారు. "మీరేనా అండీ సాల్మన్ సారు? పూలని బట్టి పేరు తెలుసు, మనిషిని ఇవాళ చూశాం" అన్నారు. పూలని బట్టి పేరేమిటన్నాను. "ఈ పూల పేరే అదండీ. సాల్మన్ సారు పూలు. ఇటు పక్క నాలుగైదు ఊళ్లలో అలాగే అంటారు."

నాకు పేరు దొరకని చెట్టుకి నా పేరు పెట్టుకుని ఉన్నారు వీళ్లు.

ఆరాధన అయ్యాక నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నిజం చెబుదామనే మైకు ముందుకెళ్లాను. ఒట్టు. ఎదురుగా అన్ని ముఖాలు, మొదటి బెంచీలో సౌభాగ్యమ్మ గారు. "మొక్కకి ప్రేమ కావాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు. చెవులు కాలిపోయాయి.

తర్వాత తొలిపంట కానుకల వేలం. మినుముల బస్తా, గుమ్మడికాయలు, ఒక పుంజు, చేపల గంప. ఆఖర్న పెయింటు డబ్బాలో పూసి ఉన్న ఒక చెట్టు. "సాల్మన్ సారు పూలచెట్టు, ఒకటోసారి!" అన్నారు. కృప నన్ను మోచేత్తో పొడిచింది. నేను పాడాను. పొరుగూరి రైతు బసవపున్నయ్య గారు ఏటా వేలానికి వస్తారట, ఆయన పెంచారు. నేను పెంచాను. ఆయన మళ్లీ. నేను మళ్లీ. చివరికి ఎవరో ఆయన చెవిలో, "ఆయనే సాల్మన్ సారండీ" అన్నారు. ఆయన లేచి దణ్ణం పెట్టి కూర్చున్నారు. ఎంతకి పాడానో ఇక్కడ రాయను. కృపకి ఈ పుస్తకం ఎక్కడుంటుందో తెలుసు.

తిరుగు బస్సులో డబ్బా నా ఒళ్లో ఉంది. అవనిగడ్డ దాటాక కృపకి అంతా చెప్పేశాను. కలుపు సంగతి, కట్ట సంగతి, మున్సిపాలిటీ సంగతి. కిటికీ వైపు తిరిగింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అయితే ఆ కూరలన్నీ కలుపుకా?" అంది.

అని నవ్వడం మొదలెట్టింది. మోపిదేవి దాకా ఆపలేదు. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కొంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. చల్లపల్లిలో, "ఆదివారం కూడా పని చేసే మున్సిపాలిటీ" అని మళ్లీ మొదలు. రెండు నెలలైంది ఆ నవ్వు విని. నేను సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక రెండూ పడ్డాను.

మార్చి 18, మంగళవారం

సౌభాగ్యమ్మ గారికి చెప్పకుండా ఊరు విడిచి వెళ్లలేను. పొద్దున్నే గోడ దగ్గర నిలబడి పిలిచాను. తడబడుతూనే అంతా చెప్పాను. అవి ఇచ్చినవి కావు, పారేసినవి. నాకు తెలియదు. క్షమించమన్నాను.

ఆవిడ గోడ అంచుని చేత్తో తడిమింది. "పారేస్తే మాత్రం, అంత పొందిగ్గా కట్ట కట్టి నా గోడ మీదే పెట్టారు కదండీ" అంది. "ఊళ్లో మాత్రం చెప్పకండి సారూ. పేరు మార్చడం కష్టం."

సాయంత్రం పీతల కూర వచ్చింది.

మార్చి 22, శనివారం

కలుపు అని రాయబోయాను. పిలకలు, పదిహేను. వేరు ముక్కతో సహా తవ్వి కవర్లలో పెట్టాను. పైకి తీసి చూడలేదు. రెండుసార్లు చెయ్యి వెళ్లింది, వెనక్కి లాక్కున్నాను.

శాస్త్రీయ నామం కూడా దొరికింది. ఎదురెదురు ఆకులు, నాలుగు పలకల కాండం, ఆకు కంపు, వేరు పిలకలు, గింజ పట్టని ముద్దపువ్వు, ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని కాలేజీ లైబ్రరీలో కూర్చుంటే అరగంటే పట్టింది. క్లెరోడెండ్రమ్ చైనెన్సీ. కొన్ని దేశాల్లో దీన్ని వదిలించుకోలేక కలుపు మొక్కల జాబితాలో వేశారట. అంటే ఒకరకంగా నేను చెప్పిందే నిజం. ఈ మాట కృపతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఈ పేజీకి ఎదురుగా తెల్ల పక్కన ఒక గుత్తి అతికించాను. కింద రాశాను: పెంచినవారు, సౌభాగ్యమ్మ. పీకినవారు, సాల్మన్ రాజు.

మార్చి 29, శనివారం

లారీ వచ్చింది. పున్నారావు గారు కృప అడగ్గానే నాలుగు పిలకలు తీసుకున్నారు. కొత్త అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వేయిస్తారట. ఆ మూల ఎంత తవ్వినా వేరు ముక్క ఒక్కటి మిగిలితే చాలు, అదే లేస్తుందని చెప్పాను. ఈసారి తెలిసే చెప్పాను.

సౌభాగ్యమ్మ గారూ కృపా గోడకి అటొకరు ఇటొకరు నిలబడి ఏడ్చారు. నేను సామాన్లు లెక్కపెట్టే పనిలో ఉన్నాను. సామాన్లు సరిగా కనబడలేదు.

ఖాళీ గిన్నెలు తిరిగి ఇచ్చేశాం. ఒకటి మాత్రం కృప కావాలనే ఉంచేసుకుంది. ఇవ్వడానికి మళ్లీ రావాలిగా.

ఏప్రిల్ 6, ఆదివారం

గుడివాడ. గుడి పెద్దది. కృప వెనక బెంచీలో కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. ఇంటికొచ్చి బాల్కనీలో డబ్బా ముందు కూర్చుంది. పిలకలు పదకొండులో తొమ్మిది నిలబడ్డాయి. డబ్బాలో చెట్టుకి మొగ్గ ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

డబ్బా అంచున కొత్త పిలక ఒకటి లేచింది. పీకలేదు. నమస్కారం పెట్టాను.

ఏప్రిల్ 20, ఈస్టరు ఆదివారం

నిన్న సాయంత్రం కృప డబ్బా చెట్టు నుంచి రెండు గుత్తులు కోసి, అనుమతి అడిగి, గుళ్లో బల్ల మీద పెట్టి వచ్చింది. అక్కడ పెద్ద పెద్ద పూలబుట్టలు ఉన్నాయట. తన రెండు గుత్తులూ ఎవరికీ కనబడవులే అంది.

ఇవాళ తెల్లవారుజాము ఆరాధనకి వెళ్లాం. తలుపు తియ్యగానే లోపల ఉన్నది ఒకటే వాసన. బుట్టల్లో పూలు వాసన లేనివి.

ఆరాధన అయి బయటికొచ్చేసరికి కృప చుట్టూ ఆరేడుగురు ఆడవాళ్లు. మా కింది అంతస్తు అరుణకుమారి గారు కూడా, వాళ్లది మన గుడి కాదు, పిల్లల పాటలు వినడానికి వచ్చారట. నేను స్కూటరు దగ్గర ఉన్నాను. మాటలు వినబడుతున్నాయి.

"ఏం పూలండీ అవి? ఎప్పుడూ చూళ్లేదు."

"మాకొక మొక్క ఇస్తారా అండీ?"

"ఇస్తాను. పిలకలు బోలెడు. వచ్చే శనివారం రండి, కింద ప్రహరీ గోడ మీద కట్ట పెట్టి ఉంచుతాను" అంది కృప. ఆ గొంతు నాకు తెలుసు. బందరు గొంతు. పూల కృపమ్మ గారి గొంతు.

"పేరేంటండీ?"

నేను చెవులు రిక్కించాను. లాటిన్ పేరు రెండుసార్లు కాగితం మీద రాసిచ్చి, పలకడం నేర్పించి మరీ పంపాను.

"సాల్మన్ సారు పూలండీ."

"సాల్మన్ సారంటే ఎవరండీ?"

"అదుగో," అంది కృప, "స్కూటరు స్టాండు తీయడం రాక అవస్థ పడుతున్నారే, ఆయనే."